తొమ్మిది ఓట్లు

దావీదు మొదటి అర్జీ రాసింది యాభై ఏడులో. పదకొండోది రాసింది అరవై ఆరులో. పదకొండిట్లోనూ అడిగింది ఒక్కటే: ఇసకపాళెం వాళ్లు ఓటు వేసే చోటు ఇసకపాళెంలోనే పెట్టండి. రోడ్డు అడగలేదు, బావి అడగలేదు. ఓటు అంటూ సరిగ్గా చేతికొస్తే మిగిలినవి దాని వెనకాలే నడిచి వస్తాయని నమ్మాడు. ముప్పై ఏళ్ల వయసులో నమ్మాడు, నలభై ఏళ్లకి కూడా నమ్ముతూనే ఉన్నాడు. అక్కడే వచ్చింది చిక్కు.

ఇసకపాళెం వాకాడుకు తూర్పుగా, సముద్రానికీ బకింగ్‌హాం కాలువకూ నడుమ దిబ్బల మీద ఉంటుంది. వంద గుడిసెలు, అన్నీ హరిజనులవే. కాలువకు పడమటి గట్టున రావులకట్ట. మళ్లు, మిల్లు, బడి, కరణం ఇల్లు అన్నీ ఆ గట్టునే. పాళెంవాళ్లు పొద్దున పడవ దాటి ఆ మళ్లలో పనిచేసి, పొద్దుగూకాక మళ్లీ పడవ దాటి ఇంటికొస్తారు. మళ్లలో ముప్పాతిక వంతు పద్మనాభయ్యవి. పడవ రేవును ఏటేటా సర్కారు వేలం వేస్తుంది, ఏటేటా పద్మనాభయ్యే పాడుకుంటాడు. గడ వేసే క్రీస్తురాజు పాళెం మనిషే గాని, పడవ కదలాలా వద్దా అన్నది అతని చేతిలో లేదు.

యాభై ఏడులో పార్లమెంటు ఎన్నిక వచ్చింది. ఆ రోజుల్లో ఈ సీటుకు ఇద్దరు మెంబర్లు. ఒక కుర్చీ ఎవరికైనా, ఒక కుర్చీ హరిజనులకు. అందుకని మనిషికి రెండు కాగితాలు ఇచ్చేవాళ్లు. కాగితం మీద గుర్తు వేసే పని లేదు. చాటున అభ్యర్థికొక పెట్టె ఉంటుంది, పెట్టె మీద గుర్తు ఉంటుంది, ఇష్టమైన పెట్టెలో వేసి రావడమే. కూలి సంఘం తరపున ఒకాయన సైకిలు గుర్తు మీద నిలబడ్డాడు. పాళెంలో చదవను వచ్చినవాడు దావీదు ఒక్కడే. ప్రార్థన మందిరంలో బైబిలు మీద అక్షరాలు నేర్చుకుని, ఉప్పు పొట్లం కట్టిన పేపరు ముక్కను కూడా చదవకుండా పారేయనివాడు. ఓటు వేయడం నేర్పే పని అతని నెత్తిన పడింది. పది రోజులు గుడిసె గుడిసెకూ తిరిగి చెప్పాడు. రెండు కాగితాలూ సైకిలు పెట్టెలోనే వెయ్యండి, మన మనిషికి రెండేసి ఓట్లు పడతాయి అని.

చట్టం అలా లేదు. రెండూ ఒకే పెట్టెలో వేస్తే ఒకటే లెక్క, రెండోది చిత్తు కాగితం. ఆ సంగతి దావీదుకు ఓట్లన్నీ అయిపోయాక తెలిసింది.

అదీగాక ఓట్ల రోజు పొద్దున పడవను గట్టు మీద బోర్లించి తారు పూస్తున్నారు. ఓట్లు వేసేది రావులకట్ట బడిలో. మగవాళ్లు అరవై మంది పంచెలు తలకు చుట్టుకుని కాలువ ఈదారు. ఆడవాళ్లు ఈ గట్టున నిలబడి చూశారు. ఈదినవాళ్లను బడి బయట ఎండలో కూర్చోబెట్టి, ఊరివాళ్లంతా అయ్యాక లోపలికి పిలిచారు. నూట ఇరవై ఓట్లు గెలిపిస్తానన్న దావీదు అరవై గెలిపించాడు. సైకిలు ఆయన వేలకు వేలు తేడాతో ఓడిపోయి నెల్లూరులో తన ప్లీడరు పనికి తాను పోయాడు. ఆ వారంలోనే దావీదు మొదటి అర్జీ రాశాడు. కాలువ దాటకుండా ఓటు వేయాలి, ఆడవాళ్లు కూడా వేయాలి. ఇంతే.

జవాబు రావడానికి రెండేళ్లు పట్టింది. పరిశీలనలో ఉన్నది అన్నారు. ఇంకో అర్జీ రాశాడు. తాసిల్దారు ఆఫీసులో గుమాస్తా అది తీసుకుని, మీ ఊరి కరణం చేత రాయించుకుని రమ్మన్నాడు. కరణం పద్మనాభయ్యను అడిగి రమ్మన్నాడు. దావీదు ఎవరినీ అడగకుండా మూడోది రాశాడు.

నడుమ ఒక ముచ్చట చెప్పాలి, తరవాత పనికొస్తుంది. కోతలయ్యాక మళ్లలో రాలిన కంకులు కూలి ఆడవాళ్లు ఏరుకుంటారు. దాన్ని పరిగ అంటారు. అది వాళ్ల హక్కు, ఏ ఆసామీ కాదనడు. కాని ఒక ఏడు పద్మనాభయ్య గుమాస్తా వెంకయ్య, పరిగ ఏరి గట్టెక్కిన ఆడవాళ్లను ఆపి, ఎవరో ఇంకా కట్టలు ఎత్తని మడిలో దిగి కంకులు దూసుకున్నారని గొడవకు దిగాడు. ఒక్కొక్కరి గంపా చూపించమన్నాడు. ఎక్కువ ఉన్న గంప ఎవరిదో వాళ్లే దొంగ. ఆ ఆడవాళ్లందరిలో వయసులో పెద్దది మస్తానమ్మ. మొగుడు పోయి ఇరవై ఏళ్లయిన మనిషి, నోరు జాస్తి. ఆమె తన గంపను కింద పరిచిన గోనె మీద గుమ్మరించింది. పక్కామె చూసి తనదీ గుమ్మరించింది. పదిహేను గంపలు ఒక కుప్పయ్యాయి. ఇప్పుడు చెప్పు వెంకయ్యా, ఏ కంకి ఎవురిదో, అంది మస్తానమ్మ. వెంకయ్య కుప్ప చుట్టూ రెండుసార్లు తిరిగి, ఎండ ఎక్కువగా ఉందని ఇంటికిపోయాడు.

అరవై ఒకటిలో ఢిల్లీలో చట్టం మార్చి ఇద్దరు మెంబర్ల సీట్లు తీసేశారు. గీతలు చెరిపి కొత్త గీతలు గీశారు. మన సీటు మొత్తం రిజర్వు అయింది. ఇక మెంబరు ఒక్కడే, అతనూ హరిజనుడే. పాళెంలో కొందరు సంతోషపడ్డారు. ఓట్లు దగ్గరపడ్డాక పెద్దపార్టీ అభ్యర్థి వచ్చి, ఎప్పుడూ ఆ పార్టీకే ఓట్లు వేయించే పద్మనాభయ్య అరుగు కింద చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు, ఆయన పైకి రమ్మంటే కూడా రాలేదు. దావీదు అది కళ్లారా చూశాడు. మన మనిషే అని సంతోషపడ్డవాళ్లకు ఆ సంగతి చెబితే, పాపం ఆయన మాత్రం ఏం చేస్తాడులే అన్నారు.

అరవై రెండు ఓట్లలో పెట్టెలు పోయి ముద్రలు వచ్చాయి. ఢిల్లీకి ఒక కాగితం, అసెంబ్లీకి ఒక కాగితం, నచ్చిన గుర్తు మీద ముద్ర కొట్టి మడిచి, అందరి కాగితాలూ ఒకే పెట్టెలో వేయడం. అసెంబ్లీ సంగతి ఇక్కడ మనకు పని లేదు. ఈసారి పడవ నడిచింది, కాకపోతే విడతకు పది మందే, మగవాళ్లే ముందు. పాళెం ఆడవాళ్లు బడి దగ్గరకు చేరేసరికి సాయంత్రం. మస్తానమ్మ గడప దాకా పోయింది. లోపల ఆఫీసరు గడియారం చూసుకుని తలుపు మూయించాడు. ఆమె తలుపుకు ఎదురుగా కాసేపు నిలబడి వచ్చేసింది.

ఎంచినప్పుడు రావులకట్ట పెట్టెలో సైకిలుకు తొంభై నాలుగు ఓట్లు వచ్చాయి. పద్మనాభయ్యకు అది ముల్లులా గుచ్చుకుంది. కాని ఎవరిదని అంటాడు? ఊళ్లో ఆయన దాయాదులు ఉన్నారు, గట్టు తగాదాల్లో ఆయనంటే పడనివాళ్లు. చుట్టల అంగడి సైదావలికీ ఆయనకూ మాటల్లేవు. ఊరి ఓటూ పాళెం ఓటూ ఒకే పెట్టెలో కలిసిపోయాయి. పాళెంవాళ్లను ఒక్కొక్కరినే పిలిచి అడిగాడు. మీకే వేసినాము అయ్యా, అన్నాడు ప్రతివాడూ. సాయంత్రం పడవలో తిరిగొస్తూ అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఒకటే నవ్వు. క్రీస్తురాజు గడ వేయలేక నవ్వాడు.

ఆ నవ్వులో ఏముందో దావీదు అప్పుడే చూసి ఉండాల్సింది. చూడలేదు. అతనికి మూసిన తలుపు ఒక్కటే కనిపించింది. ఇంటికొచ్చి అయిదో అర్జీ రాశాడు. అతని పెళ్లాం పేరు సమాధానం. ఆమె దీపంలో నూనె పోస్తూ, తలుపు వాళ్లదైనప్పుడు వాళ్లే మూస్తారు అంది. అందుకే మన తలుపు కావాలంటున్నా అన్నాడు దావీదు.

అరవై ఏడు జనవరిలో కాగితం వచ్చింది. ఓటు వేసే చోటు ఇసకపాళెం మిషను బడి, తాటాకు పాక, ఓటర్లు మూడు వందల పద్దెనిమిది. దావీదు ఆ కాగితాన్ని మూడుసార్లు పైకి చదివాడు. పాళెం పెద్ద చెంగయ్య మళ్లీ చదవమంటే నాలుగోసారి చదివాడు. రెండేళ్ల కింద మిషనువాళ్లు లేపిన ఆ బడిగోడలకు ఎర్రమట్టి పూశారు. ఆడవాళ్లు గుమ్మం ముందు ఇసక చదును చేశారు.

దావీదు భయపడింది పద్మనాభయ్య అడ్డం కొడతాడని. ఆయన కొట్టలేదు. కొట్టకపోగా, క్యూ నిలబడే చోట నీడకు వేయమని వెదురు బొంగులూ తడికెలూ వెంకయ్య చేత పంపించాడు. వాళ్ల ఓట్లు వాళ్ల పెట్టెలో వాళ్లు వేసుకుంటారు, మంచిదేగా అన్నాడట. దావీదు అది విని పదేళ్లలో మొదటిసారి పెద్దాయన ఓడిపోయాడనుకున్నాడు. తడికెలు తనే మోసుకెళ్లి కట్టాడు.

ఆ ఏడు సైకిలు గుర్తు మీద నిలబడింది ఆనందబాబు అని, పంతులు ఉద్యోగం మానేసి వచ్చిన కుర్రవాడు. పాళేనికి ఒకసారి వచ్చి మంచినీళ్లు తాగి, గెలిచినా ఓడినా మళ్లీ వస్తానని చెప్పి పోయాడు. ఓడినా వస్తానన్నవాడు దావీదుకు నచ్చాడు. రాలేదనుకోండి, అది వేరే సంగతి.

ఓట్ల రోజు ఆఫీసర్లు పెట్టె పట్టుకుని పడవ దాటి వచ్చారు. ఈసారి దాటింది వాళ్లు. పాళెం పాళెమంతా తెల్లారకముందే తలకు నూనె రాసుకుని వచ్చి నిలబడింది. మొదటి ఓటు మస్తానమ్మది. అరవై దాటిన మనిషి. లోపలికి పోయి చాలాసేపు రాలేదు. ఆఫీసరు తడిక అవతల నుంచి దగ్గాడు కూడా. వచ్చాక సిరా పూసిన వేలు పైకెత్తి చూసుకుంది.

“ఇంతేనా?” అంది దావీదుతో. “ఇంత దానికా రా పదేండ్లు నన్ను గట్టు మీద నిలబెట్టినావు?”

క్యూలో ఆడవాళ్లు కొంగు నోట్లో కుక్కుకున్నారు. దావీదు కూడా నవ్వాడు. రెండు వందల తొంభై ఆరు ఓట్లు పడ్డాయి. ఊళ్లో లేనివాళ్లూ, మంచాన ఉన్నవాళ్లూ తప్ప అందరూ వేశారు.

ఓట్లు ఎంచేది గూడూరులో. దావీదు ఆనందబాబు తరపున ఏజెంటుగా పోయాడు. తెల్ల చొక్కా అరువు తెచ్చుకున్నాడు. బల్లల మీద ఒక్కో పెట్టె తీసుకొచ్చి, సీలు చూపించి, విప్పి, కాగితాలు ఎంచి, ఆ పెట్టెలో ఎవరికెన్నో పైకి చదువుతారు. తరవాత ఇంకో పెట్టె. ఏ ఊరి పెట్టె ఆ ఊరిదే. దావీదు బల్లకు ఇటువైపు, పెద్దపార్టీ ఏజెంటుగా వచ్చిన వెంకయ్య అటువైపు.

ఇసకపాళెం పెట్టె వచ్చింది. ఆఫీసరు చదివాడు. మొత్తం రెండు వందల తొంభై ఆరు. సైకిలు రెండు వందల ఎనభై ఒకటి. పెద్దపార్టీ తొమ్మిది. చెల్లనివి ఆరు.

దావీదు గుండె పొంగిపోయింది. చెల్లనివి ఆరే ఆరు. యాభై ఏడులో సగానికి సగం చిత్తు చేయించిన తను ఇప్పుడు ఆరు దాకా తెచ్చాడు. ఎవరితోనన్నా చెప్పాలనిపించి తల ఎత్తాడు. ఎదురుగా వెంకయ్య తన కాగితం మీద అంకెలు రాసుకుంటున్నాడు. తొమ్మిది అంకె దగ్గర ఆగి, దాని కింద ఒక గీత గీశాడు. మళ్లీ ఇంకో గీత.

“అందురూ నీ మాటే విన్నారే దావీదూ,” అన్నాడు వెంకయ్య. ఎగతాళి కాదు, నిజంగానే మెచ్చుకున్నాడు.

అప్పుడు అర్థమైంది దావీదుకు. అరవై రెండులో తొంభై నాలుగు ఓట్లు ఎవరివో తేల్చలేక ఏడాదంతా గింజుకున్న పద్మనాభయ్యకు, ఇప్పుడు పాళెం మొత్తాన్ని విడిగా ఒక పెట్టెలో పెట్టి, సీలు వేసి, అంకెలతో సహా అప్పజెప్పారు. అప్పజెప్పింది తనే. పదకొండు అర్జీలు రాసి మరీ అప్పజెప్పాడు. తడికెలు ఎందుకు పంపాడో కూడా అప్పుడే తెలిసింది.

ఆనందబాబు ఇరవై వేల తేడాతో ఓడిపోయాడు. ఆ సంగతి దావీదు మరుసటి రోజు దాకా పట్టించుకోలేదు.

ఫిబ్రవరి ఆఖరుకు మొలకొలుకుల వరి పండి వంగింది. ఏటా పద్మనాభయ్య మనిషి పడవ దాటి వచ్చి కోతలకు రమ్మని చెప్పిపోతాడు. ఈ ఏడు రాలేదు. నాలుగు రోజులు చూశారు. అయిదో రోజు కాలువ అవతల లారీ ఆగింది. నెల్లూరు అవతల సంగం ఊరి వైపు నుంచి తెచ్చిన కూలీలు కొడవళ్లతో దిగారు. పాళెంవాళ్లు దిబ్బల మీద నిలబడి, తాము నాటిన పైరును వేరేవాళ్లు కోస్తుంటే చూశారు. ఏడాదిలో కడుపు నిండా తినేది ఆ కోత కూలి గింజల మీదే. అవి తప్పితే ఆషాఢం దాకా పస్తులే.

చెంగయ్య పడవ దాటి పద్మనాభయ్య దగ్గరికి పోయాడు. ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే చెంగయ్యకు ఏం చెప్పాలో తెలిసేది, కాళ్లు పట్టుకునేవాడు. ఆయన తాపీగా ఆకు నములుతూ చెప్పాడు.

“తొమ్మిది మంది నాకు వేసినార్రా చెంగా. ఆ రుణం నేను ఉంచుకోను. వాళ్లెవరో వాళ్లని పంపీ. కోతలయ్యేదాకా పని ఇస్తా. మిగిలినోళ్లకు సైకిలాయన ఇస్తాడ్లే.”

చెంగయ్య తిరిగొచ్చి ఈ మాట పాళెంలో చెప్పాడు. ఎవరి గుడిసెల్లోకి వాళ్లు పోయారు.

దావీదు ఇంటింటికీ తిరిగి, పోవద్దు, మనల్ని చీల్చడానికే ఈ మాట అన్నాడు. తలలూపారు. సమాధానం కుండ అడుగు గీరుతూ విన్నది. పాళెంలో మిగిలిన గింజలు ఎన్ని పూటలకు వస్తాయో ఆమెకు తెలుసు, దావీదుకు తెలియదు. అతనికి అర్జీ నంబర్లు గుర్తుంటాయి.

మరుసటి రోజు పొద్దున దావీదు రేవు దగ్గరకు వచ్చేసరికి పడవ రెండో విడత కూడా దాటేసింది. క్రీస్తురాజు తల ఎత్తలేదు. దావీదు మూడో విడతలో ఎక్కాడు. ఎవరెవరు పోయారని అడిగితే, పోయి నువ్వే చూసుకోన్నా, అన్నాడు క్రీస్తురాజు.

పద్మనాభయ్య కళ్లం దగ్గర నలభై మూడు మంది నిలబడి ఉన్నారు. తొమ్మిది మందిని రమ్మంటే నలభై మూడు మంది వచ్చారు. ప్రతివాడూ ఆ తొమ్మిదిమందిలో తానొకడినంటున్నాడు. ఒకడు బిడ్డ మీద ఒట్టేశాడు. ఇంకొకడు పక్కవాణ్ని చూపించి, వీడు సైకిలుకే వేసినాడయ్యా, నేను కళ్లారా చూసినా అన్నాడు. తడిక చాటున వేసిన ఓటు ఎవరు చూస్తారని అడిగే బుద్ధి అక్కడ ఎవరికీ లేకపోయింది. పద్మనాభయ్య నులక మంచం మీద కూర్చుని వింటున్నాడు. సంగం కూలీలు కోతలాపి ఇటు తిరిగి చూస్తున్నారు.

ఆ నలభై మూడు మందిలో, వెనక వరసలో, సమాధానం ఉంది. కొడవలి చంకలో పెట్టుకుని నేల చూస్తోంది.

దావీదు గట్టు మీదే ఆగిపోయాడు. పద్మనాభయ్య అతన్ని చూశాడు. అతను చూస్తున్న వైపు చూశాడు.

“ఓరి నీ. దావీదు పెళ్లాం కూడా నాకే వేసిందంటరా,” అన్నాడు.

నలభై రెండు మంది నవ్వారు. నవ్వకపోతే పని పోతుందని నవ్వారో, ఇంతసేపూ పట్టిన బిగువు సడలి నవ్వారో, నవ్వారు. సమాధానం నవ్వలేదు, కదలలేదు కూడా.

నవ్వు అయ్యాక పద్మనాభయ్య లేచాడు. తొమ్మిదికి మించి నాకు లెక్కలో లేవు, మీలో మీరే తేల్చుకుని ఆ తొమ్మిది మందే రండి, అంతదాకా ఎవరికీ పనిలేదు అని చెప్పి ఇంట్లోకి పోయాడు. ఆ తేల్చుకోవడం పడవలోనే మొదలైంది. రేవు చేరేసరికి ఇద్దరు చొక్కాలు పట్టుకున్నారు. పాళెంలో రెండు రోజులు అదే గొడవ. నిజంగా వేసిన తొమ్మిది మంది ఎవరో గాని, వాళ్లు కూడా బయటపడలేక, పడితే నమ్మేవాళ్లు లేక ఆ గుంపులోనే కలిసిపోయారు.

ఆ రెండు రోజులూ దావీదు పెళ్లాంతో మాట్లాడలేదు. మూడోరోజు ఆమే మాట్లాడింది.

“నేను సైకిలుకే వేసినా. నీకు తెలుసు,” అంది. “గింజలు కావాలంటే ఆడ నిలబడాల. నువ్వు నిలబడవు గదా. అందుకని నేను నిలబడినా.”

దావీదు వంగి, గుమ్మం దగ్గర పడున్న ఆమె కొడవలి తీసి చూరులో దోపాడు.

ఆ మధ్యాహ్నం చెంగయ్య, మరో నలుగురు పెద్దవాళ్లు బడిపాకలోకి దావీదును పిలిచారు. ఓట్లకు కట్టిన తడికెలు ఇంకా అలాగే ఉన్నాయి. చెంగయ్య మాట పొడిగించలేదు. ఈ పెట్టె మనకొద్దు, పాతట్టే రావులకట్టలో పెట్టమని అర్జీ రాయి, ఆ కాగితం తీసుకుపోయి అయ్య ముందు పెడతా, ఆయన మనసు కరుగుతాది అన్నాడు. మిగిలినవాళ్లు నేల చూస్తూ కూర్చున్నారు. వాళ్లకు దావీదు మీద కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

“అంటే మళ్లా ఆడోళ్లు గట్టు మీద నిలబడాల,” అన్నాడు దావీదు.

“నిలబడతారు. నిలబడితే చావరు గదా,” అన్నాడు చెంగయ్య. “తిండి లేకుంటే చస్తారు.”

అది కాదనడానికి లేదు. దావీదు కాగితం తీసి మోకాలి మీద పలక పెట్టుకున్నాడు. మహారాజరాజశ్రీ కలెక్టరు గారి సముఖమునకు అని రాశాడు. పదకొండుసార్లు రాసిన వరుస, చెయ్యి తనంతట తానే రాసింది. ఆ తరవాత ఆగిపోయింది. ఆగి, రాయడం తనకు చేతకావడం లేదని అందరూ చూస్తుండగా చెప్పాడు.

గుమ్మం బయట కూర్చుని పుల్లతో ఇసక గీకుతున్న మస్తానమ్మ తల లోపలికి పెట్టింది. ఆమెను ఎవరూ పిలవలేదు.

“ఒరే, పెట్టె ఈడ ఉంటే మీకేం తీటరా? పెట్టెది కాదు తప్పు. ఎంచేది తప్పు,” అంది. “ఆ వెంకయ్యకు మన గంప వేరేగా చూపించినారు, అదీ జరిగింది. పరిగ గంపలు ఏం చేసినాం ఆ పొద్దు? గోనె మీద కుప్ప బోసినాం. ఊళ్లన్నిటి పెట్టెలూ అట్టా ఒక కుప్ప బోసి, కలియబెట్టి, అప్పుడు ఎంచమను. ఏ కంకి యాడిదో వాడి అబ్బ చెప్పగలడా?”

చెంగయ్య గడ్డం గోక్కున్నాడు. అట్టా చేస్తారా అని అడిగాడు చివరికి. చేస్తారో లేదో నాకేం తెలుసు, నాకు పరిగ సంగతి తెలుసు అంది మస్తానమ్మ.

దావీదు తిరిగింది పదేళ్లు. రూల్సు పుస్తకం నెల్లూరు దాకా పోయి చదివొచ్చాడు. చదువు రాని ముసలామె గుమ్మం బయట కూర్చుని చెప్పింది తనకు ఒక్కసారీ తట్టలేదు. సిగ్గు వేసింది. సిగ్గు కన్నా అలసట ఎక్కువ వేసింది. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. మళ్లీ పదకొండు అర్జీలో, ఇరవయ్యో.

రాశాడు. ఓటు వేసే చోటు ఇసకపాళెంలోనే ఉండనివ్వండి. ఎంచేటప్పుడు మాత్రం అన్ని ఊళ్ల పెట్టెలూ ఒక్కచోట గుమ్మరించి, బాగా కలిపి ఎంచండి. విడిగా ఎంచితే మా ఓటు రహస్యం కాదు, మా కూడు పోతోంది. ముక్కలు ముక్కలుగా, తప్పులతో, ఒక పేజీలోనే అయిపోయింది. ఇదివరకటి అర్జీలు నాలుగేసి పేజీలుండేవి.

వేలిముద్రల దగ్గర మళ్లీ తగాదా. ముందు ఎవరు వేస్తే పద్మనాభయ్య కన్ను వాడి మీద పడుతుంది. చెంగయ్య చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఇది ఆయన అడిగిన కాగితం కాదు, అయ్య ముందు పెట్టడానికి పనికిరాదు. దావీదు బతిమాలలేదు. కింద తన పేరు ఒక్కటే రాసి మడిచాడు.

చెంగయ్య మరునాడు తనే పోయి అయ్య కాళ్ల మీద పడ్డాడు. కోతలు సగం అయ్యాక ఇరవై మందికి, కూలి గింజల్లో కుంచం తగ్గించి, పని దొరికింది. మిగిలినవాళ్లు కోట ఊరి దాకా, ఇంకా అవతలికి సరుగుడు తోపుల్లో కట్టెలు కొట్టను పోయారు. సమాధానం అటే పోయింది.

దావీదు అర్జీని టపాలో వేయడానికి బయలుదేరిన రోజున సమాధానం కూడా అదే పడవలో ఉంది, గొడ్డలి భుజాన, సద్ది గిన్నె చేతిలో. ఇద్దరూ చెరో కొసన కూర్చున్నారు. క్రీస్తురాజు గడ దింపాడు. అవతలి గట్టున సంగం కూలీలు కట్టలు మోస్తున్నారు.

“మళ్లీనా?” అన్నాడు క్రీస్తురాజు, దావీదు చేతిలో కవరు చూసి. “జవాబు ఎప్పుడొస్తాది?”

“అయిదేండ్లు పడతాది.”

“అయిదేండ్లా?”

“అయిదేండ్లకే గదా మళ్లా ఓట్లు,” అన్నాడు దావీదు. “తొందరేముండాది.”

క్రీస్తురాజు నవ్వలేదు. కాలువ నడుమకు వచ్చాక ఎండ చురుక్కుమంది. దావీదు చేతి చెమటకు కవరు మీద సిరా చెదిరి, కలెక్టరు అన్న మాటలో సగం అప్పుడే పోయింది. అతను చూసుకోలేదు. అవతలి కొస నుంచి సమాధానం చూసింది. లేచి, ఊగుతున్న పడవలో రెండడుగులు వేసి వచ్చి, అతని చేతిలోంచి కవరు లాక్కుని, కొంగుతో ఒత్తి, సద్ది గిన్నెకు కట్టిన పొడిగుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకుంది. మళ్లీ తన కొసకు పోలేదు. అక్కడే, అతని పక్కన కూర్చుంది.

“గట్టెక్కినాక ఇస్తా,” అంది.